లంకాయాత్రకు తగిన మాసము

మనవారు దూరప్రయాణము తలపెట్టగనే పంచాంగము విప్పుదురు. తిథి, వారము, నక్షత్రము, తారాబలము చూతురు. దక్షిణమునకు పోవలసినచో గురువారము వారశూల యని ఆనాడు గడప దాటరు. ఇది తప్పని నేననను. ఆ శాస్త్రమునే చదువుకొని, నలువది యేండ్లుగా ఊరివారికి ముహూర్తములు చెప్పుచున్నవాడను. అయితే ముహూర్తము మనము ఇల్లు కదలు గడియను మాత్రమే చెప్పును. మనము చేరబోవు చోట ఆ నెలలో గాలి ఎటు వీచునో, వాన ఎంత కురియునో, ఏరు దాటనిచ్చునో లేదో అది చెప్పదు. కాశికి ఎప్పుడు పోవలయునో, బదరికి ఎప్పుడు పోరాదో తాతముత్తాతలనుండి మన చెవినబడుచునే యున్నది గనుక స్వదేశమున ఈ లోటు మనకు తెలియదు. సముద్రము దాటి పరదేశమునకు పోవునప్పుడే దీని సంగతి బయటపడును.

పరదేశములలో మన పల్లెల పెద్దలు ఎక్కువగా తలపోయునది సింహళము, అనగా శ్రీలంక. కారణము స్పష్టమే. అష్టాదశ శక్తిపీఠములలో నాలుగు మన తెలుగునేలమీదనే యున్నవి: శ్రీశైలమున భ్రమరాంబ, అలంపురమున జోగులాంబ, పిఠాపురమున పురుహూతిక, దాక్షారామమున మాణిక్యాంబ. ఈ నాలుగింటిని సేవించినవారికి, వరుసలో మొట్టమొదట పేర్కొనబడు శాంకరీదేవి లంకలోని త్రికోణమలయందు వెలసియుండెనని వినినప్పటినుండి అచ్చటికి పోవలయునని మనసు లాగును. దానికి తోడు రామకథ. ఈ యాత్రకు పోవువారు ధనికులు కారు. పది పండ్రెండేండ్లు కూడబెట్టి, అరువదియవ యేట ఒక్కమారు పోవువారు. మరల పోవుటకు వారికి ధనమును ఉండదు, మోకాళ్లయందు బలమును ఉండదు. కావున ఏ మాసమున పోవలయుననునది వారికి చిన్న ప్రశ్న గాదు.

ముందుగా ఒక సంగతి మనసున నుంచుకొనవలయును. మన ఆరు ఋతువుల లెక్క ఆ ద్వీపమున పనిచేయదు. మన సిద్ధాంతగ్రంథములు లంకను భూమధ్యరేఖమీద నిలిపి, అచ్చట పగలు ముప్పది ఘడియలు, రాత్రి ముప్పది ఘడియలు ఎల్లప్పుడును సమానమని చెప్పినవి. నేటి శ్రీలంక సరిగా ఆ రేఖమీద లేదు. దానికి ఉత్తరముగా ఆరవ అంశము మొదలు పదియవ అంశము దాపువరకు వ్యాపించియున్నది. అయినను సిద్ధాంతవాక్యమునకు అది చాల దూరము గాదు. కొలంబోలో సంవత్సరములోని దీర్ఘదినమునకును హ్రస్వదినమునకును నడుమ భేదము ఒక గంటకు లోపే. అందుచేత హేమంతమని, గ్రీష్మమని చెప్పదగిన తేడా పల్లపునేలలలో లేదు. కొలంబోలో ఏ నెల చూచినను సగటు వేడిమి 27 డిగ్రీల దరిదాపులనే యుండును. అచ్చట కాలమును విభజించునది ఎండ గాదు, చలి గాదు. గాలి.

ఆ గాలులు రెండు. ఒకటి మే మొదలు సెప్టెంబరు వరకు నైరృతినుండి వీచును. రెండవది సంవత్సరాంతమున ఈశాన్యమునుండి వచ్చును. ఈ రెండును మనకు క్రొత్తవి గావు. మనకు వాన తెచ్చునవియు ఇవియే. అయితే ద్వీపము నడుమ గొప్ప కొండలున్నవి. వానిలో ఎత్తైన పిదురుతలాగల శిఖరము 2,524 మీటర్లు. ఏ దిక్కునుండి గాలి వచ్చునో ఆ దిక్కు కొండచరియలమీద తన నీటినంతయు క్రుమ్మరించి, అవతలి వైపునకు అది వట్టిచేతులతో దిగును. మన పడమటి కనుమలకు అవతల కొంకణమున వాన జడిగొనియుండగా ఇవతల అనంతపురము నోరెండియుండుట మీరెరుగుదురు. ఆ చిత్రమే ఆ చిన్న ద్వీపమునందు జరుగును. కాని అచ్చట సంవత్సరమునకు రెండుమారులు, రెండు వైపుల తలక్రిందుగా జరుగును. ఒక వైపు తడిసినప్పుడు రెండవ వైపు ఎండును.

కావున ‘లంకకు పోవుటకు ఏ నెల మంచిది?’ అని అడుగుటయే సరిగాదు. ‘లంకలో ఎక్కడికి?’ అని ముందు అడుగవలయును.

అంకెలు చెప్పిన స్పష్టమగును. పడమటి తీరముననున్న కొలంబోలో మే నెలలో సగటున 39 సెంటీమీటర్ల వాన కురియును. అప్పుడు తూర్పు తీరముననున్న త్రికోణమలలో కురియునది 5 సెంటీమీటర్లు. జూన్‌లో 3 సెంటీమీటర్లకును తక్కువ. అప్పుడు కొండ దిగి తూర్పునకు వచ్చు పొడిగాలిని మట్టక్కళప్పు ప్రాంతమువారు ‘కచ్చాన్’ అందురు. మన వడగాడ్పునకు అది చిన్న తమ్ముడు. నవంబరు, డిసెంబరు నెలలకు ఈ వరుస తారుమారగును. అప్పుడు త్రికోణమలలో ఒక్కొక్క నెల 35 సెంటీమీటర్లకు పైబడి కురియును. అనంతపురమున ఏడాది పొడవునను కురియు వానకంటె ఆ రెండు నెలల వాన ఎక్కువ.

మన పెద్దలు మోసపోవునది సరిగా ఇచ్చటనే. మన మనసున ఒక లెక్క స్థిరపడియున్నది: చాతుర్మాస్యము కాగానే వానలు వెలియును, దారులు ఆరును, కార్తికమున యాత్రలు ఆరంభింపవలయును. శ్రీరామచంద్రుడంతటివాడు ప్రస్రవణగిరిమీద వానకాలము నాలుగు నెలలు వేచి, శరత్తు రాగానే సీతాన్వేషణము ఆరంభింపజేసెను గదా! కాని స్వామి వేచియుండినది కిష్కింధలో కురియు వానలు వెలియుటకు. లంకలోని వానలకు గాదు. పైగా కార్తికము శివునకు ప్రీతికరమైన మాసము, త్రికోణమలలో నున్నది కోణేశ్వరుడు. ఇంతకంటె పుణ్యకాలమేది యని ఎవరికైనను తోచును. తెలుగునేలమీదను ఈ లెక్క అంతటను సరిపోదు. నెల్లూరివారికి అసలు వాన వచ్చునది ఆశ్వయుజ కార్తికములలోనే గదా! నెల్లూరిని తడుపు ఆ ఈశాన్యపు గాలియే త్రికోణమలను ముంచునది.

మా పొరుగూరి దంపతులు కొన్నియేండ్ల క్రిందట ఇట్లే కార్తికమున బయలుదేరిరి. దశమి, మంచి నక్షత్రము, ఎదురు వచ్చిన శకునము, అన్నియు దివ్యముగా నుండెను. త్రోవలోనే వాన పట్టుకొనెను. తూర్పునకు పోవు దారిమీద నీరు పారుచున్నదని బండి నడుపువాడు ఆగెను. వారు ఒక ఊరి సత్రమున మూడు దినములు తడిబట్టలతో కూర్చుండిరి. నాలుగవనాడు తిరుగు విమానమునకు వేళ అయ్యెను. కోవెల గోపురమైనను చూడకయే వచ్చిరి. యాత్ర కుదిర్చినవారు ‘వాన మా చేతిలోనిదా?’ అనిరట. వాన వారి చేతిలోనిది కాదు, నిజమే. ఆ నెలలో అచ్చట వాన కురియునని ముందుగా చెప్పుట మాత్రము వారి చేతిలోనిదే. ఆ యిల్లాలు ఇప్పుడు మంచము దిగలేదు. ఈ ప్రసంగము చేయవలయునని నాకు తోచుటకు ఆమె కథయే కారణము.

రెండు గాలుల నడుమ నుండు అక్టోబరు, నవంబరు నెలలు మరింత గడ్డువి. అప్పుడు ద్వీపమున ఏ వైపును పొడిగా నుండదు. సాయంకాలమగుసరికి ఉరుములు, పిడుగులు. మన సముద్రమునందు వాయుగుండములు పుట్టు కాలమును అప్పటినుండి డిసెంబరు వరకే. 1964 డిసెంబరు 22వ తేదీ రాత్రి ధనుష్కోటిని తుడిచిపెట్టి, పాంబనునుండి వచ్చుచున్న రైలును సముద్రము పాలుచేసిన తుపాను లంక ఉత్తరభాగమును గూడ కొట్టినదే. 1978 నవంబరులో మట్టక్కళప్పును ఒక తుపాను నేలమట్టము చేసెను. 2025 నవంబరు చివర దిత్వా తుపానుచేత కొండచరియలు విరిగిపడి, ఏరులు పొంగి, ఆ దేశమున వందలకొలది జనులు మరణించిరి. నాగపట్టణమునుండి కాంకేసన్‌తురైకి 2023 అక్టోబరు నడుమ పడవ ప్రయాణము ఆరంభించి, కొద్దిదినములకే గాలివానలకు జడిసి నిలిపివేసిరి. సుముహూర్తము కొరత గాదు, మాసము కొరత.

మాసమెరిగి పోవుట ఎంతటి పనియో ఆ దేశపు చరిత్రమే చెప్పును. ఆ చరిత్రమున మనవారికి చుట్టరికమును గలదు. 1739 మొదలు 1815 వరకు క్యాండీ సింహాసనమునేలినవారు మధురనుండి వచ్చిన నాయకవంశీయులు. వారి పూర్వులు తెలుగువారు. వారిలో కడపటివాడు శ్రీవిక్రమరాజసింహుడు. 1803 ఫిబ్రవరిలో ఇంగ్లీషుసేన అతనిమీదికి పోయి, పెద్ద యుద్ధము లేకయే క్యాండీ ప్రవేశించెను. రాజు అడవులకు తొలగెను. సేనలోని కొంతభాగమును అచ్చట కావలియుంచి తక్కినవారు తీరమునకు దిగిరి. నైరృతి గాలి వచ్చెను, వానలు పట్టెను, జ్వరములు తగిలెను. జూన్‌లో ఆ కావలిసేన లొంగిపోయి, త్రికోణమల త్రోవను వెడలిపోవుటకు మహావెలి గంగ ఒడ్డునకు వచ్చెను. గంగ నిండుగా పారుచుండెను. దాటుటకు వీలు లేకపోయెను. ఆ ఒడ్డుననే వారిలో చాలమంది హతులైరి. ఆ పరాభవమునకు పండ్రెండేండ్లు ఓపికపట్టి, ఇంగ్లీషువారు 1815లో మరల వచ్చిరి. అప్పుడును ఫిబ్రవరియే. కాని ఈమారు వానలకు ముందే పని ముగించిరి. మార్చి 2వ తేదీకి ఒడంబడిక వ్రాయించుకొని, రాజును పట్టి వేలూరునకు పంపిరి. అతడు 1832లో అచ్చటనే మరణించెను. సింహళ ప్రధానులు కొందరు ఇంగ్లీషువారితో చేరుట పరాజయమునకు ముఖ్యకారణమే. అయినను ఏరు దాటనిచ్చు నెలలలోనే పని పూర్తిచేయుట అనునది వారు 1803లో నేర్చుకొనిన పాఠమని నా తలంపు.

యాత్రికునకు గూడ ఆ ఫిబ్రవరియే శరణ్యము. ఈశాన్యపు గాలి జనవరి దాటగానే సన్నగిలును. నైరృతి గాలి మే వరకు రాదు. నడుమ ఫిబ్రవరి రెండవ వారము మొదలు మార్చి మూడవ వారము వరకు తూర్పు, పడమర, కొండ, తీరము అన్నియు ఒక్కమారు చూడదగియుండును. సాయంకాలము ఎక్కడనైన ఒక జల్లు పడవచ్చును గాని దారి మూతపడదు. చాంద్రమానపు మాసముల పేరు చెప్పక ఇంగ్లీషు తేదీలు చెప్పితినని మీరాక్షేపింపవచ్చును. గాలివానలు సూర్యునివెంట నడచును; చంద్రునివెంట గాదు. అధికమాసము వచ్చిన యేట మన ఫాల్గుణము ఏప్రిలు దాక సాగును. సౌరమానమున చెప్పవలెనన్నచో కుంభమాసమనుడు, సరిపోవును.

మహాశివరాత్రి సామాన్యముగా ఈ దినములలోనే వచ్చును. త్రికోణమలలో కోణేశ్వరునకును, పడమటితీరమున చిలాపమునొద్ద మున్నేశ్వరునకును ఆనాడు విశేషపూజలు జరుగును. కార్తికమున పోయి గుమ్మముకూడ చూడలేకపోవుటకంటె శివరాత్రినాడు కోణేశ్వరుని కొండమీద నిలిచి, క్రింద శాంతముగానున్న సముద్రమును చూచుట మేలుగదా! నువర ఎలియ దగ్గర సీతమ్మ కోవెలకు పోవువారికి గూడ ఈ కాలమే అనుకూలము. అది రమారమి 1,900 మీటర్ల ఎత్తుననున్న కొండసీమ. రెండు గాలులును దానిని తడుపును, తెరపి దొరకునది ఈ నడిమి కాలముననే. అచ్చట రాత్రులు చలి గట్టిగా నుండును. లంక యనగా ఉక్క యని పంచెతో పోయినవారు గజగజ వణకుదురు.

శ్రీపాదశిఖరము సంగతి వేరుగా చెప్పవలయును. దాని యెత్తు 2,243 మీటర్లు. శిఖరాగ్రమున రాతిమీదనున్న అడుగుజాడను బౌద్ధులు బుద్ధునిదనియు, మనవారు శివునిదనియు, మహమ్మదీయులును క్రైస్తవులును ఆదాముదనియు నమ్ముదురు. ఒక్క జాడకు నలుగురు మ్రొక్కుట, అందుకై తగవులాడకుండుట చూడదగిన వింత. ఆ కొండకు కాలనియమము గలదు. డిసెంబరు పూర్ణిమ మొదలు మే నెలలోని వైశాఖపూర్ణిమ వరకే యాత్ర. అప్పుడు మెట్లదారి పొడవునను దీపములుండును, తేనీటి అంగళ్లుండును, త్రోవ తెలియనివానికి తోడుండును. ఆ గడువు దాటగానే అక్కడి సమన్ దేవుని విగ్రహమును కొండ దింపి పెల్మదుల్లలోని విహారమున నుంచెదరు. బదరీనాథమున చలికాలమునకు చేయు ఏర్పాటు వంటిదే యిది. తరువాత కొండ యెక్కరాదని ఆజ్ఞ యేమియు లేదు. కాని దీపములుండవు, గాలి మనుష్యుని త్రోయును, మెట్లమీద నీరు కాలువలై పారును. ఆగస్టులో పోయి ‘శ్రీపాదము మూసియున్నదేమి?’ అని అడుగువారు ప్రతియేట నుందురు.

మరి ఆగస్టు పనికిరాని నెలయా? కాదు. పడమటితీరము, శ్రీపాదము వదలుకొన్నవారికి అది చక్కని నెల. అప్పుడు అనురాధపురము, త్రికోణమల, యాళ్పాణము పొడిగా నుండును. ఎండ మాత్రము మన చైత్రపు ఎండను తలపించును. యాళ్పాణమున నల్లూరు కందస్వామికి ఇరువదియైదు దినముల ఉత్సవము అప్పుడే. క్యాండీలో దంతధాతువునకు జరుగు ఎసల పెరహెర ప్రాయికముగా శ్రావణపూర్ణిమకు ముగియును. అలంకరించిన యేనుగుల బారులు, కాగడాలు, మద్దెలలవారు వీథులు నిండి నడుతురు. ఆ పది దినములు క్యాండీలో బస దొరకుట దుర్లభము, దొరకినను వెల మూడింతలు. ఉత్సవము చూడగోరువారు ఆరు నెలలకు ముందే గది కుదుర్చుకొనవలయును. శాంతిగా దైవదర్శనము చేయగోరువారు ఆ పది దినములు క్యాండీ వైపు పోకుండుటయే మేలు.

వెలల మాట వచ్చినది గనుక ఒక్క సంగతి. డిసెంబరు నడుమనుండి జనవరి వరకు ఐరోపావారు తమ చలికి తాళలేక పడమటితీరమున వచ్చి వ్రాలుదురు. ఏప్రిలు 13, 14 తేదీలు సింహళులకును తమిళులకును సంవత్సరాది. అంగళ్లు కొన్నిదినములు మూసియుండును. కొలంబోలోని కలవారందరును చల్లదనమునకై నువర ఎలియకు ఎక్కుదురు. ఈ రెండు వేళలను తప్పించుకొనుడు. ప్రతి పూర్ణిమయు అచ్చట రాజశాసనముచేత సెలవుదినము. కచేరీలు, బ్యాంకులు తెరువరు. విహారములు క్రిక్కిరిసియుండును. మద్యమాంసములు అమ్మరు, దానివలన మన పెద్దలకు వచ్చిన నష్టమేమియు లేదు.

ఆకాశము నిర్మలముగా నున్నను దేశము నెమ్మదిగా నుండకపోవచ్చును. 1983 మొదలు 2009 వరకు అంతర్యుద్ధమున ఉత్తరమునకు, తూర్పునకు యాత్రికులు పోవుట దుర్ఘటముగా నుండెను. 2022లో ఆ దేశపు ఖజానా వట్టిపోయి, పెట్రోలుకొరకు బండ్లు దినములకొలది వరుసలలో నిలిచెను. కావున బయలుదేరుటకు నెలదినముల ముందునుండి వార్తాపత్రిక చూచుచుండుడు. వారము ముందునుండి అచ్చటి వాతావరణశాఖవారి ప్రకటనలు మీ మనుమలచేత చదివించుకొనుడు.

యాత్ర కుదుర్చువాడు మీ యింటికి వచ్చినప్పుడు అతనిని ‘ఎన్ని చోట్లు చూపెదవు?’ అని అడుగుట మన అలవాటు. దానికి బదులు ‘ఏ తేదీన ఏ తీరముననుందుము?’ అని అడుగుడు. అతడు నవంబరులో తక్కువ ధరకు ఇచ్చెదననినచో ఆ తక్కువ ఎందువలన వచ్చినదో ఇప్పుడు మీకు తెలియును. దినములు గట్టిగా బిగించిన యాత్రకు ఒప్పుకొనవలదు. తూర్పుతీరమునకు పోయివచ్చుటలో ఒక దినమైనను ఖాళీగా నుంచుమనుడు. శ్రీపాదమెక్కువారు ఐదువేలకు పైబడిన మెట్లున్నవని ముందే తెలిసికొని, అర్ధరాత్రికి ముందే నెమ్మదిగా ఆరంభింపవలయును. అప్పుడుగాని సూర్యోదయమునకు పైకి చేరజాలరు. ఒంటిపై చెమట ఆరకమునుపే శిఖరముమీది గాలి సోకును గనుక పొడిచొక్కా ఒకటి, ఉన్నిశాలువ ఒకటి సంచిలో నుండవలయును. గొడుగు ఇంటనే వదలిపొండు; ఆ గాలికి అది నిలువదు.